ఏ యేటి కారు మేలు?

కాట్రేనికోన తీరపు గాలిలో ఉప్పు కలదు. కిటికీ కమ్ములు ఆ గాలికెట్లు త్రుప్పుపట్టునో అక్కడి బడిపిల్లలకు సైతము తెలియును. పాతకారును ఎన్నుకొనువారికి ఆ యెరుకయే మొదటి పాఠము.

1961లో వెలువడిన జాగ్వార్ ఇ-టైప్ పరుగుకారే ఇందుకు నిదర్శనము. తొలి కార్లలో ఇంజను 3.8 లీటర్లు, బండి కదలుచుండగా మొదటి గేరు వేయుట కష్టము. 1964 అక్టోబరులో 4.2 లీటర్ల ఇంజను వచ్చినది; నాలుగు గేర్లును సులువుగా పడును, బ్రేకులును మెరుగుపడినవి. కంపెనీ చెప్పిన బలము మాత్రము రెండింటికిని 265 గుఱ్ఱముల శక్తియే.

అయినను తీర్పు చెప్పవలసినది సంవత్సరము కాదు. ఈ కారు నడుమ వేఱు చట్రము లేదు. ఉక్కురేకు ఒడలే బరువు మోయును. తలుపుల క్రింది బోలుభాగములలో తేమ నిలిచి, లోలోపల త్రుప్పు తినును. పైరంగు నిగనిగలాడుచునే యుండును. ఇంజనును విప్పి బాగుచేయవచ్చును. చివికిన ఒడలిని నిలుపుట మిక్కిలి ఖర్చు. కనుక 1965 నాటి త్రుప్పుబండికంటె 1963 నాటి గట్టిబండియే మేలు. రెండును గట్టివైనచో, తఱచు నడపువాడు మలిదానిని, తొలిరూపుపై మక్కువగలవాడు తొలిదానిని కోరుట న్యాయము.

పడవ కొనువాడు రంగు చూచి మురియడు. అడుగు తట్టి చూచును. కారు కొనువానికిని అదియే నీతి.