పిలిచినను పలుకని బిడ్డ

పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడని బిడ్డను కొందరు మొండివాడందురు. కొందరు గాలి సోకినదని తాయెత్తు కట్టుదురు. తల్లి పెంపకమును నిందించువారును కలరు, పాపము! మెదడు ఎదుగుదలలోని భేదమువలన కలుగు ఈ స్థితికి ఆటిజమని పేరు. 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది బిడ్డలయందు దీనిని గుర్తించి వర్ణించెను.

రక్తపరీక్ష దీనిని తేల్చలేదు. బిడ్డ ఆటను గమనించి, తల్లిని అడిగి తెలిసికొనవలెను. మానసిక వైకల్యము గలవారికై 1984లో సికిందరాబాదున వెలసిన జాతీయ సంస్థ ఇందులకు 40 అంశముల కొలమానమును రూపొందించినది. 2016 నాటి చట్టము ఆటిజమును వైకల్యములలో చేర్చినది. కాని నిర్ధారణపత్రము లేనిదే ఆ హక్కు చేతికందదు. సికిందరాబాదునకు జనగామనుండి రైలు కలదు. భూపాలపల్లి అడవిపల్లెల కూలివారికో, పని మానుకొననిదే ఆ ప్రయాణము సాగదు.

మహబూబాబాదు తండాలోని తల్లి మనసులోని మాట లంబాడీలోనే పలుకును. “నీవు వేలు చూపిన వైపు బిడ్డ చూచునా?” అని అంగన్‌వాడీ టీచరు ఆ భాషలోనే అడిగినచో, పరీక్షకు మొదటి మెట్టు ఆ గడపలోనే పడును.