చెల్లి పెళ్లికి వెళ్లొచ్చా?

అక్టోబరు చివరికి వచ్చేసరికి నా వాట్సాప్‌లో ఒకే రకం ప్రశ్నలు మొదలవుతాయి. "అన్నా, డిసెంబరులో చెల్లి పెళ్లి. ఎఫ్1 మీద ఉన్నా. వెళ్తే మళ్లీ రానిస్తారా?" నేను లాయర్ని కాను. ఒకప్పుడు ఇదే ఎఫ్1 మీద డాలస్‌లో దిగి, ఇప్పుడు కోడ్ రాసుకుని బతుకుతున్నవాణ్ణి. కాకపోతే ఇన్నేళ్లుగా ఇవే ప్రశ్నలు వింటూ, జవాబుల కోసం ప్రభుత్వ పేజీలు చదువుతూ ఉన్నాను కాబట్టి, విడివిడిగా అందరికీ చెప్పేది ఒకచోట రాస్తున్నా.

ఈ భయాల్లో సగం ఒకే గందరగోళంలోంచి పుడతాయి. వీసా వేరు, స్టేటస్ వేరు. పాస్‌పోర్టులో అంటించిన వీసా గుమ్మం దాటడానికి. దాటాక దాని పని అయిపోయింది. లోపల మిమ్మల్ని నిలబెట్టేది మీ ఐ-20, సెవిస్‌లో మీ రికార్డు, దిగినప్పుడు ఇచ్చే ఐ-94. చదువు సక్రమంగా సాగుతున్నంత కాలం వీసా గడువు ఇక్కడ ఉండగా ముగిసినా మీ స్టేటస్‌కి ఏమీ కాదు. బయటికి వెళ్లి తిరిగి రావాలంటేనే మళ్లీ స్టాంపింగ్.

ఇంత చిన్న విషయం తెలియక ఏమవుతుందో చెప్తాను. మాకు తెలిసిన ఖమ్మం అబ్బాయి ఒకడు ఒక యూనివర్సిటీలో మొదలుపెట్టి, రెండో సెమిస్టరు తర్వాత ఇంకోదానికి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు. ఊళ్లో నాన్నకి బైపాస్ అన్నారు. వీసాకి ఇంకా మూడేళ్ల గడువుంది. కానీ రూమ్మేట్స్ అందరూ కలిసి, "వీసా మీద పాత యూనివర్సిటీ పేరుంది కదరా, అది చెల్లదు, వెళ్లావంటే ఇంతే" అని తేల్చేశారు. వాడు వెళ్లలేదు. ఆపరేషన్ థియేటర్ బయట బాబాయి ఫోను పట్టుకుని నిలబడితే, ఇక్కడ వంటింట్లో కూర్చుని రాత్రంతా వీడియో కాల్‌లో చూశాడు. దేవుడి దయవల్ల ఆయన బాగానే ఉన్నారు. మర్నాడు యూనివర్సిటీలో డీఎస్ఓని అడిగితే, ఆవిడ ఐదు నిమిషాల్లో చెప్పింది: సెవిస్ రికార్డు చురుగ్గా ఉండి, వీసా గడువు మిగిలి ఉంటే, పాత పేరున్న వీసాతోనే కొత్త యూనివర్సిటీ ఐ-20 పట్టుకుని రావచ్చు.

అందుకే మొదట అడగాల్సింది రూమ్మేట్‌ని కాదు, డీఎస్ఓని. ఎలాగూ ఆవిడ సంతకం కావాలి. ఐ-20 రెండో పేజీలో ప్రయాణానికి పెట్టే ఆ సంతకం చదువుకునేవాళ్లకి ఏడాది పనికొస్తుంది. ఓపీటీ మీద ఉన్నవాళ్లకి ఆరు నెలలే. పాత సంతకం ఉందిలే అని బయల్దేరేవాళ్లలో ఎక్కువమంది ఓపీటీ వాళ్లే. వాళ్లు ఈఏడీ కార్డు, ఉద్యోగం ఉన్నట్టు కంపెనీ ఇచ్చిన ఉత్తరం కూడా దగ్గర ఉంచుకోవాలి. డిగ్రీ అయిపోయి, ఓపీటీ దరఖాస్తు ఇంకా తేలకుండా, చేతిలో ఉద్యోగం కూడా లేకుండా వెళ్లడం మాత్రం నా తమ్ముడైతే నేను వద్దంటాను.

వీసా గడువు ముగిసినవాళ్ల లెక్క వేరు. 2025 సెప్టెంబరు నుంచి దాదాపు అందరూ ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే. డ్రాప్‌బాక్స్ రోజులు పోయాయి. మూడో దేశంలో స్లాట్ పట్టే అలవాటుకి కూడా అదే నెలలో అడ్డుకట్ట పడింది. సొంత దేశంలోనో, నివాసం ఉన్న దేశంలోనో చేసుకోమన్నారు. అంటే మనకి నానక్‌రామ్‌గూడ, లేదంటే చెన్నై, ముంబయి లాంటివి. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనపడేలా పెట్టమని కూడా అడుగుతున్నారు. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చెయ్యండి, నేనూ చేశాను. కానీ స్లాట్ చేతికి రాకుండా తిరుగు టికెట్ కొనకండి. ఇంటర్వ్యూ అయ్యాక 221(జి) కాగితం చేతిలో పెడితే అది వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. ఐదు నెలలకు మించి బయట ఉండిపోతే పాత స్టేటస్ కూడా మిగలకపోవచ్చు.

వీసా చూడ్డానికి బాగానే ఉండి, లోపల రద్దయిపోయి ఉండే సందర్భాలూ ఉన్నాయి. తాగి బండి నడిపి పోలీసులకు దొరికితే, కేసు తేలకముందే వీసా రద్దు చెయ్యొచ్చు. 2025 వసంతంలో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఒక్కసారిగా తీసేశారు. కోర్టుల్లో కేసులు పడ్డాక ఏప్రిల్ చివర్లో తిరిగి తెరవడం మొదలుపెట్టారు. రికార్డు తిరిగొచ్చినా వీసా రద్దు అలాగే ఉండిపోవచ్చు. రద్దు సమాచారం డీఎస్-160లో రాసిన ఈమెయిల్‌కి వస్తుంది. మనవాళ్లలో చాలామందికి ఆ ఫారం నింపింది అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కన్సల్టెన్సీ. ఈమెయిల్ కూడా వాళ్లదే! టికెట్ కొనేముందు ఆ అడ్రస్ ఎవరిదో కనుక్కోండి. పోలీసు కేసు ఏదైనా ఉంటే, చిన్నదైనా సరే, వెళ్లేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టండి.

హెచ్-1బి లాటరీ తగిలినవాళ్లకి ఒక మాట. కంపెనీ ఎఫ్1 నుంచి హెచ్-1బికి మార్పు కోరుతూ దరఖాస్తు వేసి, అది తేలకముందే మీరు దేశం దాటితే ఆ మార్పు వదులుకున్నట్టే లెక్క. ఒకప్పుడైతే హైదరాబాద్‌లో స్టాంపింగ్ చేయించుకుని వచ్చేవాళ్లు. 2025 సెప్టెంబరు 21 నుంచి వేసిన దరఖాస్తులకు, ఇలా మధ్యలో వెళ్లినవాళ్ల విషయంలో లక్ష డాలర్ల రుసుం వర్తిస్తుందని ఆ అక్టోబరులో ప్రభుత్వమే చెప్పింది. లక్ష డాలర్లు కట్టి మిమ్మల్ని వెనక్కి పిలిపించుకునే కంపెనీ ఏదో మీకే తెలియాలి. అలాంటప్పుడు చెల్లి పెళ్లి అయినా సరే, ఆమోదం వచ్చేదాకా కదలొద్దనే చెప్తాను. చెప్పడానికి నోరు రాదు, అయినా చెప్తాను.

కాగితాలన్నీ చేతిసంచిలో పెట్టుకోండి, చెక్-ఇన్ సూట్‌కేసులో ఆవకాయ పక్కన కాదు. అబుదాబి మీదుగా ఎతిహాద్‌లో వస్తే అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. ఐ-20 అక్కడే అడుగుతారు. అడిగినదానికి మాత్రమే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఫోన్ చూడ్డానికి వాళ్లకి అధికారం ఉంది. పెట్రోల్ బంకులో దొంగచాటు పని చేస్తున్నవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. దిగాక ఆన్‌లైన్‌లో ఐ-94 తీసి, ఎఫ్1 అనీ డీ/ఎస్ అనీ ఉందో లేదో చూసుకోండి. ఈ డీ/ఎస్ బదులు నిర్ణీత తేదీ పెట్టాలని 2025 ఆగస్టులో ప్రతిపాదన వచ్చింది. కాబట్టి అక్కడ తేదీ కనిపిస్తే డీఎస్ఓకి వెంటనే చూపించండి.

డిసెంబరు రెండో వారం దాటితే యూనివర్సిటీ ఆఫీసులు ఖాళీ. సంతకం కావాల్సినవాళ్లు థ్యాంక్స్‌గివింగ్ లోపే అడిగేయండి.