ప్రాత బండి – క్రొత్త అతుకు

కోనసీమ గాలి మనుష్యులకు హాయి గొల్పును గాని ఇనుమునకు హితము చేయదు. తూర్పున గౌతమియు, పడమట వశిష్ఠయు, దక్షిణమున సముద్రమును గల ఈ సీమలో గాలియందు తేమ మెండు. తీరగ్రామములలో ఉప్పు కూడ కలదు. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచోట తుప్పు పుట్టును. ఉప్పు ఆ పనిని త్వరపెట్టును. అందుచేతనే ఇచ్చటి ప్రాత వాహనములు పైకి నిగనిగలాడుచున్నను, అడుగు రేకులు లోలోపల క్షీణించుచుండును.

మా తండ్రిగారు వాడిన అంబాసిడరు కారు మా దొడ్డిలో కొబ్బరాకుల పాక క్రింద చాల ఏండ్లు పడియుండెను. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. ఉద్యోగ విరమణ చేసిన పిదప దానిని నా చేతులతోనే బాగుచేయవలెనని నాకు కోరిక కలిగెను. లోపలి చాప తీసి చూడగా, డ్రైవరు కాళ్లుంచుచోట అరచేయి పట్టునంత రంధ్రము కనబడెను.

“మాస్టారూ! లారీకి ఉన్నట్లు దీనికి వేరుగా పూర్తి చట్రము లేదండి. ఈ అడుగు రేకులే దీని ఎముకలు” అని అమలాపురములోని టింకరు హెచ్చరించెను. ఆ కారులో నా మనుమలు కూర్చుందురు. కావున అతుకు కంటికి అందముగ నున్న చాలదు, బరువునకు నిలువవలయును.

బాలలారా! మొదట నేను చేసిన పొరపాటు చెప్పెదను. పెద్ద యంత్రము పెద్ద పనికిని చిన్న పనికిని పనికివచ్చునని తలచి, 200 ఆంపియర్ల కడ్డీ వెల్డింగు యంత్రమును కొంటిని. అది గేటు ఊచలను చక్కగ అతికెను. కారు రేకును తాకించినంతనే మాత్రము రంధ్రము రెండింతలాయెను. దోషము యంత్రమునందు లేదు. నా ఎంపికయందే కలదు.

వెల్డింగనగా లోహమును కరగించి లోహముతో కలుపుట. ఉక్కు సుమారు 1,500 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద కరగును. రెండు కొనల నడుమ విద్యుత్తు గాలిలో దూకునపుడు పుట్టు వెలుగునకు విద్యుచ్చాపమని పేరు. దాని వేడి అంతకు పెక్కు రెట్లుండును. రష్యా దేశీయుడగు బెనార్డోస్ 1881 ప్రాంతమున ఈ చాపముతో లోహములను అతుకు విద్యను కనిపెట్టెను. మందమైన ఊచ ఆ వేడిని నలుదిక్కులకు పంచుకొని నిలుచును. కారు రేకు మందము సాధారణముగ ఒక మిల్లీమీటరు పరిసరముల నుండును. అంత వేడిని పంచుకొను దేహము దానికి లేదు. కావున మనము అతుకబోవు రేకులలో మిక్కిలి పలుచని దానిని చూచియే యంత్రము నెన్నుకొనవలెను.

యంత్రములు ముఖ్యముగ మూడు విధములు. మొదటిది కడ్డీ వెల్డింగు. ఇది చౌక, గేట్లకు, మందపు ఇనుమునకు మేలు, పలుచని రేకుపై క్రొత్తవాని చేతికి లొంగదు. రెండవది మిగ్ వెల్డింగు. ఇందు సన్నని తీగ చుట్టనుండి తనంతట వచ్చి కరగుచుండును. బొగ్గుపులుసు వాయువు గాని, ఆర్గానుతో దాని మిశ్రమము గాని కరగిన లోహమును గాలి సోకకుండ కాపాడును. వేడిని తక్కువగ నిలుపవచ్చును. మూడవది టిగ్ వెల్డింగు. దీని అతుకు మిక్కిలి సొగసైనది. కాని పని నెమ్మది, రేకు నిర్మలముగ నుండవలెను, రెండు చేతులకును నేర్పు కావలెను. మన టింకర్లు చిరకాలముగ వాడుచున్న గ్యాసు వెల్డింగు కూడ మంచిదే. ఐనను దాని మంట వెడల్పుగ ప్రాకుటచే అలవాటు లేనివాని చేతిలో రేకు వంకరపోవును. కారు రేకుతో పని ప్రారంభించువానికి 0.6 లేక 0.8 మిల్లీమీటరు తీగతో పనిచేయు చిన్న మిగ్ యంత్రమే అనువైనది.

ఇక ఇంటి విద్యుత్తును లెక్కించుడు. 16 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల వద్ద 16 × 230 = 3,680 వాట్ల వరకు ఈయగలదు. 60 ఆంపియర్లతో మిగ్ అతుకు వేయునపుడు చాపమునకు సుమారు 17 వోల్టులు కావలెను; అనగా 60 × 17 = 1,020 వాట్లు. యంత్రములో కొంత వ్యర్థమైనను ఇల్లు భరించును. 200 ఆంపియర్ల కడ్డీకి సుమారు 28 వోల్టులు. అనగా 5,600 వాట్లు. ఇది ఆ సాకెట్టు శక్తికి మించిన భారము.

యంత్రముపై “100 ఆంపియర్లు, 60 శాతము” అని వ్రాసియున్నచో, పది నిమిషములలో ఆరు నిమిషములు అతికి నాలుగు నిమిషములు విశ్రాంతి నీయవలెనని అర్థము. పెద్ద అంకెను మాత్రమే చూచి కొనువారు ఈ చిన్న అంకెను మరతురు.

మన సీమకు ప్రత్యేకమైన జాగ్రత్తలును కలవు. సముద్రపు గాలి మిగ్ వాయువును చెదరగొట్టును. కావున తడిక చాటున పనిచేయవలెను. కడ్డీలు వానకాలమున చెమ్మ పట్టును. వానిని పొడిగ దాచవలెను. తడి నేలపై నిలువరాదు. పొడి చెక్కపై నిలిచి, తోలు తొడుగులు ధరింపవలెను.

అన్నిటికంటె ముఖ్యము కంటి రక్షణ. ఒకనాడు మా మనుమడు ముసుగు లేకుండ దూరమునుండి ఆ వెలుగును చూచెను. అప్పుడేమియు తెలియలేదు. ఆ రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లున్నదని ఏడ్చెను. వైద్యుని చికిత్సతో రెండు దినములలో తగ్గెను గాని నా మనస్సులోని బాధ తగ్గలేదు. చాపపు వెలుగులోని అతినీలలోహిత కిరణములు కొన్ని గంటల పిమ్మట గాని తమ క్రూరత్వమును చూపవు. కావున ముసుగునకు, తొడుగులకు సొమ్ము తీసియుంచిన పిదప మిగిలిన దానితోనే యంత్రమును కొనవలెను. చూచువారికి కూడ ముసుగు కావలెను. పెట్రోలు టాంకీ ఖాళీగ నున్నను అందలి ఆవిరి ప్రేలును. దానిని విప్పి దూరముగ నుంచవలెను. బ్యాటరీ తీగలను ఊడదీసి, నీటి బకెట్టును దాపున పెట్టుకొనవలెను. పెద్దల తోడు లేక మీరీ పనికి పూనుకొనరాదు.

పిదప నేను చిన్న మిగ్ యంత్రమును తెచ్చి, నెల దినములు పనికిరాని రేకులపై అభ్యాసము చేసితిని. తుప్పును గీకి మెరయు లోహము కనబడిన తరువాతనే అతుకు వేయవలెను. ఒకేచోట సాగదీయక, ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్కగ వేసి, రేకును చల్లారనిచ్చుచు పోవలెను. అడుగు రేకును అట్లు నేనే పూడ్చితిని. తలుపుల క్రింది బరువు మోయు అంచులను మాత్రము ఆ టింకరునకే అప్పగించితిని. నా అతుకులను కూడ అతడు సుత్తితో కొట్టి చూచి, రెంటిని మరల వేయించెను. నేను సిగ్గుపడలేదు.

పనికి తగిన పనిముట్టును ఎంచుకొనుట ఒక విద్య. తన నేర్పు ఎంతవరకో ఎరిగి, ఆ పైని పనిని తెలిసినవాని చేతికిచ్చుట అంతకు మించిన విద్య.