చిన్న గదిలో నిజం చెప్పే స్పీకర్లు

మన ఇళ్లల్లో అటక మీదో, బీరువా అడుగునో పాత క్యాసెట్లు నాలుగైనా ఉంటాయి. సినిమా పాటల సంగతి అలా ఉంచండి, అవి ఎక్కడైనా దొరుకుతాయి. నాయనమ్మ పాడిన మంగళహారతి, తాతయ్య చెప్పిన ఊరి కబుర్లు, ఎవరి పెళ్లిలోనో ఆడవాళ్లు కలిసి పాడిన పాటలు మాత్రం మరోచోట దొరికేవి కావు. ఫిలిప్స్ వారు క్యాసెట్టును 1963లో బయటికి తెచ్చారు. మా ఇంట్లో ఉన్నవన్నీ 1975కూ 1990కీ మధ్య నింపినవి. టేపు ఏటేటా పాతబడుతోంది, వాటిని ఆడించే యంత్రాలూ కరువవుతున్నాయి. అందుచేత వాటిని కంప్యూటరులోకి ఎక్కించే పని మా బరంపురం ఇంట్లో పెట్టుకున్నాను.

గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరడానికి ముందునుంచీ మాది ఈ ఊరే. మా పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకున్నారు. తెలుగు మాత్రం ఇంట్లో పెద్దవాళ్ల నోట విని నేర్చుకున్నదే. మా నాయనమ్మ యాస ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్నది ఆ క్యాసెట్లలోనే. కాబట్టి ఆ గొంతు ఎలా ఉన్నదో అలాగే వినిపించే స్పీకర్లు కావలసి వచ్చాయి.

మానిటర్ స్పీకరు అంటే ఏమిటి?

ఇంట్లో పాటలు వినే స్పీకర్లు వినసొంపుగా ఉండటానికి కొంత బాస్, కొంత మెరుపు కలుపుతాయి. రికార్డింగు స్టూడియోలో వాడే మానిటరుకు ఆ అలవాటు ఉండకూడదు. లోపలికి ఏది వస్తే బయటికి అదే పంపాలి. యాక్టివ్ మానిటర్లలో ఆంప్లిఫయరు పెట్టెలోనే ఉంటుంది. సాధారణంగా లావు ధ్వని చేసే వూఫరుకు ఒకటి, సన్న ధ్వని చేసే ట్వీటరుకు ఒకటి చొప్పున రెండు ఉంటాయి. ఫిన్లాండులో జెనెలెక్ సంస్థ 1978లో ఇలాంటివాటితోనే మొదలైంది. ఇప్పుడు చిన్న సైజువి చాలా కంపెనీలు చేస్తున్నాయి. మా గదికి 5 అంగుళాల వూఫరు ఉన్న జత సరిపోయింది.

అయితే ఎంత మంచి స్పీకరు కొన్నా సగం పని గదే చేస్తుంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

గది చేసే గారడీ

మా వెనక గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుని, గది కొలతకు సరిపడే కొన్ని ధ్వనులు ఉబ్బిపోతాయి. 12 అడుగుల పొడవుకు అవి సుమారు 47, 94 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పుకు 56, 112 దగ్గర వస్తాయి. మాట్లాడేటప్పుడు మగవాళ్ల గొంతు మూలధ్వని ఇంచుమించు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే మా గది ఉబ్బించేది సరిగ్గా తాతయ్యల గొంతునే!

ఒకరోజు మా మేనల్లుడు, "మామయ్యా, తాతయ్య గొంతు బానలోంచి మాట్లాడినట్టుంది. బాస్ కోసేయనా?" అన్నాడు.

"ఆగరా, ముందు హెడ్‌ఫోను పెట్టుకుని విను," అన్నాను.

హెడ్‌ఫోనులో ఆ గుమ్మనే మోత లేదు. అంటే అది టేపులోది కాదు, గదిది. అప్పుడు బాస్ కోసి ఉంటే, ముందు తరాల పిల్లలకు మా నాన్నగారి గొంతు పీలగా మిగిలిపోయేది.

అమర్చే పద్ధతి

పొట్టి గోడకు మధ్యగా బల్ల వేశాను. స్పీకర్లు రెండూ పక్క గోడలకు సమాన దూరంలో ఉండాలి. ఒకటి మూలలో, రెండోది ద్వారం పక్కన ఉంటే రెండు చెవులకూ రెండు కథలు వినిపిస్తాయి. రెండు స్పీకర్లూ, మన తలా కలిపి సమబాహు త్రిభుజం కావాలి. మా గదిలో భుజం 3 అడుగుల 9 అంగుళాలు. స్పీకర్లను కొద్దిగా లోపలికి, మన వైపు తిప్పాలి. ట్వీటరు చెవి ఎత్తులో ఉండాలి. కిందికి ఉంటే "స", "శ" మందగిస్తాయి. అది టేపు లోపమనుకుని సన్న ధ్వని పెంచితే టేపు బుసే పెరుగుతుంది.

కూర్చునే చోటు గది నట్టనడుమ ఉండకూడదు, వెనక గోడకు ఆనుకునీ ఉండకూడదు. ఎదుటి గోడనుంచి గది పొడవులో నూటికి 38 వంతుల దూరం మంచిదని ఒక లెక్క. మాకది నాలుగున్నర అడుగులు. స్పీకర్ల వెనక్కి నాలుగు అంగుళాలే మిగిలింది. గోడ దగ్గరైతే బాస్ పెరుగుతుంది గనుక, పెట్టె వెనక ఉన్న మీటతో 2 డెసిబెల్స్ తగ్గించాను. పెట్టెల కింద దళసరి ఫోము పెడితే బల్ల అదరదు.

గోడల మీద ధ్వని తగిలి తిరిగొచ్చే చోటు కనిపెట్టడానికి అద్దం చాలు. మీరు కుర్చీలో కూర్చోండి, ఇంకొకరు పక్క గోడ వెంట చేతి అద్దం జరపాలి. అద్దంలో స్పీకరు ఎక్కడ కనబడితే అక్కడ మెత్తటిదేదైనా నిలబెట్టాలి. మేము దూది పరుపులు నిలబెట్టాం. మూలల్లో చుట్టిన పరుపులు పెట్టాక గుమ్మనే మోత కొంత తగ్గింది. గుడ్ల అట్టలు అంటిస్తే మాత్రం బాస్ విషయంలో ఏమీ ఒరగదు.

స్పీకర్లూ, కంప్యూటరూ ఒకే ప్లగ్గు బోర్డుకు పెడితే గుర్రుమనే శబ్దం వచ్చే అవకాశం తక్కువ. వెయ్యడంలో స్పీకర్లు చివర, ఆర్పడంలో మొదట. వినేటప్పుడు ఫ్యాను ఆపాలి. బరంపురం ఎండల్లో ఇదే అన్నిటికంటే కష్టమైన నియమం!

చివరగా పరీక్ష. ఒకే గొంతు రెండింటిలోనూ సమానంగా పెడితే అది సరిగ్గా నడిమధ్య నుంచి రావాలి. అలా వస్తే అమరిక చాలావరకు కుదిరినట్టే.

హెడ్‌ఫోనే ఉండగా ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. మా అమ్మకు ఎనభై దాటాయి. చెవులకు అది తగిలించుకోమంటే ఒప్పుకోదు. పెళ్లిపాటల టేపు గదిలో వినిపిస్తే మాత్రం, "ఆ రెండో గొంతు మా పిన్నిది, వెనక దగ్గింది మా అత్తయ్య" అని వరసగా చెబుతుంది. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు మా ఇంట్లో ఇంకెవరూ లేరు.

కాబట్టి టేపునుంచి వచ్చినదాన్ని వచ్చినట్టే ఒక ప్రతి దాచండి, శుభ్రం చేసినది వేరే ఉంచండి. ఎవరి గొంతో, ఏ ఊరో, ఏ ఏడో రాసిపెట్టండి. స్పీకర్లు వచ్చే ఏడు కొనుక్కున్నా దొరుకుతాయి. గొంతులు గుర్తుపట్టే పెద్దవాళ్లను మాత్రం ఈ ఏడే కూర్చోబెట్టి వినిపించండి.