చలికాలమున శునకసంరక్షణము

మానవుడు మచ్చిక చేసికొనిన జంతువులలో మొదటిది కుక్క. వేల సంవత్సరములుగా అది అతని యింటికి కావలి కాయుచు, వేటలో తోడుపడుచు, అతనినే నమ్మి బ్రతుకుచున్నది. అట్టి జంతువును చలిబాధనుండి కాపాడుట మానవుని ధర్మము.

హైదరాబాదు నగరము దక్కను పీఠభూమిపై, సముద్రమట్టమునకు 500 మీటర్లకు మించిన యెత్తున నున్నది. ఇచ్చట మంచుగడ్డలు కురియవు గాని, డిసెంబరు, జనవరి మాసముల రాత్రులు మిక్కిలి చల్లగా నుండును. 1946వ సంవత్సరము జనవరి 8వ తేదీన ఇచ్చటి ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెంటీగ్రేడునకు దిగినది. 1591లో నిర్మింపబడిన చార్మినారు చుట్టును వ్యాపించినది పాతబస్తీ. రాత్రి దుకాణములు మూయబడి, జనసమ్మర్దము తగ్గిన పిదప, ఇచ్చటి వీథికుక్కలు మెట్లపైనను, అరుగుల చాటునను ముడుచుకొని పండుకొనును. కొన్ని హోటలు పొయ్యిల చెంత వెచ్చని బూడిదను, మరికొన్ని నిలిపియుంచిన మోటారుబండ్ల క్రింది చోటును వెదకికొనును.

కుక్క యొంటి వేడిమి సుమారు 38.5 డిగ్రీలు. ఇది మనుష్యుని వేడిమికంటె అధికము. దీనిని నిలుపుకొనుటకు ప్రకృతి దానికి పెక్కు సాధనముల నొసగినది. వెండ్రుకల నడుమ చిక్కిన గాలి కంబళివలె పనిచేయును. ముక్కును తోకక్రింద దాచి చుట్టగా పండుకొనుటచే చలి తగులు భాగము తగ్గును. వణకుటచే కండరములలో వేడి పుట్టును. పాదములలోని రక్తనాళముల యమరిక మరింత విచిత్రమైనది. పాదమునకు దిగు వెచ్చని రక్తము, అచ్చటినుండి మరలివచ్చు చల్లని రక్తమునకు దారిలోనే తన వేడి నందించును. ఈ సంగతిని 2011వ సంవత్సరమున జపాను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి.

ఇన్ని యున్నను, తడియు గాలియు కలిసినచో ఇవి యన్నియు చాలవు. తడిసిన వెండ్రుకలలో గాలి నిలువదు. చల్లని రాతిబండ యొంటి వేడిని లాగివేయును. కావున చలికి మొదటి మందు పొడిపడక.

చలికి మొదట బలియగునవి అప్పుడే పుట్టిన కూనలు. మన దేశమున వీథికుక్కలు ఎక్కువగా వానకాలపు చివర జతకట్టును. గర్భకాలము రెండు నెలలు. అందుచే కూనలు పెక్కుమారులు చలిదినములలోనే పుట్టును. అప్పటికి వాని కన్నులు తెరువబడవు, చెవులు వినబడవు, వణకు శక్తియు నుండదు. రెండు మూడు వారములవరకు తల్లి యొంటి వేడిమియే వానికి ప్రాణాధారము. తల్లి ఆకలిచే దూరముగా పోయినచో, అవి యొకదానిపై నొకటి చేరి కుప్పగా పడియుండును. అది వచ్చుసరికి ఆలస్యమైనచో, కొన్ని చల్లబడి మరణించును. కనుక తల్లికి దాపుననే ఆహారము, నీరు దొరకునట్లు చేయుట కూనలను కాపాడుటయే.

పడక నమర్చుట కష్టము కాదు. పాత గోనెసంచిలో ఎండుగడ్డి నింపి, చెక్కపలకపై, గాలి సోకని గోడమూల నుంచవలెను. దుప్పటి మంచును పీల్చి తడియును. గడ్డి చాలవరకు పొడిగానే యుండును. పెట్టె నుంచినచో అది చిన్నదిగా నుండుట మేలు. ఒంటి వేడియే దానిని నింపును. అయితే కూనలున్న తల్లి కరవవచ్చును. పిల్లలు ఒంటరిగా దాని దరికి పోరాదు. పెద్దల తోడ్పాటుతోనే ఈ పని చేయవలెను. కుక్క కరచినచో గాయమును సబ్బుతో, ధారగా పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రిలో టీకా వేయించుకొనవలెను.

ఇంటి కుక్కల విషయమునను జాగ్రత్త యవసరము. ముధోలు వేటకుక్కవంటి పొట్టి వెండ్రుకల జాతులకును, ముసలి కుక్కలకును రాత్రివేళ కప్పు కావలెను. స్నానము మధ్యాహ్నపు టెండలో చేయించి, పూర్తిగా తుడువవలెను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచరాదు. దానినుండి వెలువడు విషవాయువు కుక్కను, యజమానిని కూడ చంపగలదు. వణకుచున్న కుక్క వెచ్చబడకయే వణకు మాని, మత్తుగా పడియున్నచో అది ప్రాణాపాయ చిహ్నము. దానిని నిప్పుకు చేరువగా నుంచక, పొడి కంబళిలో చుట్టి పశువైద్యునికడకు కొనిపోవలెను. ఉదయమున బండి కదలించుటకు ముందు క్రిందికి తొంగిచూచుటయు మరువరాదు.

పెంచు జంతువునకు తగిన తిండి, నీరు, నీడ ఈయకుండుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ననుసరించి నేరము. చట్టమునకు ముందే ధర్మము దీనిని బోధించినది. తనవెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు పలికెనని మహాభారతము చెప్పుచున్నది. దప్పిగొనిన కుక్కకు తన పాదరక్షతో నీరు తోడి పోసినవానిని భగవంతుడు క్షమించెనని ఇస్లాము సంప్రదాయము చెప్పుచున్నది. ఈ రెండు కథలును పాతబస్తీ యిండ్లలో వినవచ్చునవే. ఒక గోనెసంచి, కొంత ఎండుగడ్డి, ఇంట మిగిలిన రొట్టెముక్క - వీనికి వ్యయము లేదు. కాని చలిరాత్రి వీథిలో పుట్టిన కూనకు అవి తెల్లవారుదాక ప్రాణము నిలుపును.