కోడిపిల్లలు భద్రం

ఒక ఇంట్లో కోడి 21 రోజులు పొదిగింది. 10 పిల్లలు పుట్టాయి. రాత్రి గంప కింద మూశారు. తెల్లారి లెక్కపెడితే 7 ఉన్నాయి. ఇంట్లో పిల్లే గంపను పక్కకు నెట్టింది. ఆ మూడూ పెరిగితే గుడ్లు పెట్టేవి. గుడ్లమ్మితే ఆ తల్లి చేతిలో నాలుగు డబ్బులు ఆడేవి.

మరి ఏం చేయాలి?

పిల్లి మసక వెలుతురులో బాగా వేటాడుతుంది. అందుకే పొద్దుగూకక ముందే పిల్లల్ని మూయాలి. గంప మీద బరువైన రాయి పెట్టాలి. గూడైతే గడియ వేయాలి. సందుల్లోంచి పిల్లి పంజా దూరుతుంది. సన్న కంతల ఇనుప జాలీ కొట్టాలి. గాలి మాత్రం ఆడాలి.

గూటి దగ్గర నూకలు మిగల్చకూడదు. నూకలకు ఎలుకలు వస్తాయి. ఎలుకల కోసం పిల్లి వస్తుంది.

పిల్లిని కొట్టకండి. ధాన్యం తినే ఎలుకల్ని పట్టేది అదే. దాని కూడు దానికి వేరే చోట పెడదాం. గూటికి గడియ వేద్దాం.