తెలుగు పేజీ ఎందుకు తెరుచుకోలేదు?

మన శాఖ గోడపత్రిక పాత సంచికలు కాలేజీ వెబ్‌సైటులో కనిపించక నెల దాటింది. లింకు నొక్కితే తెల్లటి పేజీ, దాని మీద 500 అనే అంకె. పక్కనే ఉన్న కన్నడ శాఖ వాళ్ల భిత్తిపత్రికె మాత్రం చక్కగా తెరుచుకుంటోంది. దాంతో కారిడార్‌లో ఒక మాట పుట్టింది: "తెలుగు కదా, ఫాంట్ ప్రాబ్లం అయి ఉంటుంది." ఇంకాస్త ముందుకెళ్లి, "చదివేది 30 మంది, ఆ పేజీ తీసేస్తే పోలేదా" అన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ సంచికల్లో మనకన్నా ముందు ఇక్కడ చదివిన అక్కల చేతిరాత ఉంది. అసలు షీట్లు చాలామట్టుకు చెదలు తినేశాయి, ఫోటోలే మిగిలాయి. పేజీ తీసేస్తే అవి కూడా ఏదో డిస్కులో పడి ఉంటాయి, ఎవరూ చూడరు. కాబట్టి ఇది ఫాంట్ గొడవ కాదని, అసలు కారణం ఇదీ అని రాయాలనిపించింది.

మన కాలేజీలోనే ఎమ్‌సీఏ చదువుతూ సర్వర్ పనిలో సాయం చేసే మా పెద్దమ్మ కూతురు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంతా చూపించింది. అక్క చెప్పిందీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి రాస్తున్నాను. కంప్యూటర్ సబ్జెక్టు లేనివాళ్లు భయపడక్కర్లేదు, నాదీ ఆర్ట్స్ గ్రూపే.

ముందు సామాను సంగతి. రెండు శాఖల పేజీలూ ఇప్పుడు టామ్‌క్యాట్ అనే ఒకే సర్వర్ మీద నడుస్తున్నాయి. జావాలో రాసిన వెబ్ అప్లికేషన్లను నడిపే ప్రోగ్రామ్ అది. ఒకే ఇంట్లో వేరు వేరు వాటాలు ఉన్నట్టు, ఒక టామ్‌క్యాట్‌లో చాలా అప్లికేషన్లు ఉండొచ్చు. మనది ఒక వాటా, కన్నడ వాళ్లది ఇంకో వాటా. ఫోన్‌తో తీసిన షీటు ఫోటో వంకరగా ఉంటుంది, ఒక మూల నీడ పడి ఉంటుంది. దాన్ని తిన్నగా చేసి నీడ తగ్గించి చూపించే పనికి రెండు అప్లికేషన్లూ ఓపెన్‌సీవీ అనే లైబ్రరీని వాడతాయి. ఇంటెల్ కంపెనీలో 1999లో మొదలైన ప్రాజెక్టు అది, ఇప్పుడు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

చిక్కంతా ఓపెన్‌సీవీ పుట్టిన భాషతో వచ్చింది. అది జావాలో రాసింది కాదు, సీ ప్లస్ ప్లస్‌లో రాసింది. జావా ప్రోగ్రామ్ అయితే జావా మెషీన్ ఉన్న ఏ కంప్యూటర్లోనైనా నడుస్తుంది. సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ అలా కాదు, ఫలానా ప్రాసెసర్‌కి, ఫలానా సిస్టమ్‌కి అని విడిగా తయారు చేయాలి. లైనక్స్‌లో ఆ ఫైలు పేరు చివర ఎస్‌ఓ అని, విండోస్‌లో డీఎల్ఎల్ అని ఉంటుంది. వీటినే షేర్డ్ లైబ్రరీలు అంటారు, జావా వైపు నుంచి చూస్తే నేటివ్ లైబ్రరీలు. జావాకి, వీటికి మధ్య మాట కలిపేది జేఎన్ఐ. కంపెనీ కాలంలో మద్రాసులో దొరలకీ మనవాళ్లకీ మధ్య ఉన్న ద్విభాషి లాంటిది అనుకోండి. మా ఇంట్లో నాన్నది కన్నడం, అమ్మది తెలుగు. నానమ్మా అమ్మమ్మా ఫోన్లో మాట్లాడుకుంటే మధ్యలో ద్విభాషి పని నాదే, అందుకని నాకు ఇది తొందరగానే ఎక్కింది.

ఇప్పుడు లాగ్. సర్వర్ రాసుకునే డైరీ అది, టామ్‌క్యాట్‌లో క్యాటలినా.అవుట్ అనే ఫైలు. తెరిస్తే "నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్, కుడ్ నాట్ ఇనిషియలైజ్ క్లాస్" అని వందల సార్లు ఉంది. దీన్ని చూసి ఏదో క్లాస్ ఫైలు పోయిందని అంతకుముందు రెండుసార్లు జార్ ఫైళ్లన్నీ మళ్లీ కాపీ చేశారట. ఏమీ మారలేదు. మారదు కూడా. నేటివ్ లైబ్రరీని తెచ్చుకునే లైను మామూలుగా ఒక క్లాసు మొదట్లో స్టాటిక్ బ్లాకులో ఉంటుంది. అది ఒక్కసారే నడుస్తుంది. ఆ ఒక్కసారి తప్పితే జావా ఆ క్లాసు మీద పనికిరాదని గుర్తు పెట్టేసుకుంటుంది, మళ్లీ ప్రయత్నించదు. అసలు కారణం మొదటిసారి పేజీ తెరిచిన మనిషికి ఎదురవుతుంది, తర్వాత వచ్చేవాళ్లందరికీ ఈ "కుడ్ నాట్ ఇనిషియలైజ్" మాటే. అందుకని లాగ్‌ను కింద నుంచి చదవకూడదు. చివరిసారి రీస్టార్ట్ ఎక్కడ జరిగిందో పట్టుకుని, అక్కడి నుంచి కిందికి వస్తూ "అన్‌శాటిస్‌ఫైడ్ లింక్ ఎర్రర్" అన్న మాట మొదట ఎక్కడ వచ్చిందో వెతకాలి.

వెతికేటప్పుడు దారి తప్పించే లైను ఒకటుంది. టామ్‌క్యాట్ లేవగానే, తన సొంత నేటివ్ లైబ్రరీ జావా.లైబ్రరీ.పాత్‌లో దొరకలేదని ఒక సమాచారం రాస్తుంది. చూడగానే "ఇదే!" అనిపిస్తుంది. కాదు. అది ఉంటే మంచిది, లేకపోయినా టామ్‌క్యాట్ హాయిగా నడుస్తుంది. దాన్ని వదిలేయండి.

లింక్ ఎర్రర్‌కి ఒకటే పేరు గానీ లోపల చాలా జబ్బులు. పక్కన రాసిన వాక్యం పూర్తిగా చదివితే ఏ జబ్బో తెలుస్తుంది. "నో ఓపెన్‌సీవీ_జావా460 ఇన్ జావా.లైబ్రరీ.పాత్" అంటే ఫైలు దొరకలేదని. జావా వెతికే ఫోల్డర్ల పట్టీ పేరే జావా.లైబ్రరీ.పాత్, టామ్‌క్యాట్ బిన్ ఫోల్డర్లో సెట్ఎన్వ్ అనే స్క్రిప్టు పెట్టి అందులో ఆ పట్టీ చెప్పొచ్చు. ఆ 460 అన్నది 4.6.0 వెర్షన్. జార్ ఒక వెర్షన్‌ది, ఎస్‌ఓ ఫైలు ఇంకో వెర్షన్‌ది అయితే ఫైలు కళ్ల ముందే ఉన్నా జావాకి కనపడదు, పేరే వేరు కదా. ఇంకోటి, "కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్". ఇక్కడ మన ఫైలు దొరికింది, కానీ అది ఆధారపడిన వేరే లైబ్రరీ దొరకలేదు. ఎల్‌డీడీ అనే కమాండ్ ఇస్తే ఆ చుట్టాలందరి పేర్లూ వరుసగా వస్తాయి, లేనివాళ్ల పక్కన "నాట్ ఫౌండ్" అని ఉంటుంది. చేత్తో నడిపితే పనిచేసి, సర్వీసుగా నడిపితే పనిచేయకపోవడం కూడా ఈ కోవలోదే. మన టెర్మినల్లో పెట్టుకున్న ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ సర్వీసుకి దానంతట అది చేరదు. "రాంగ్ ఈఎల్ఎఫ్ క్లాస్" వస్తే 32 బిట్లకీ 64 బిట్లకీ పడలేదని అర్థం.

మన లాగ్‌లో ఇవేవీ లేవు. ఉన్నది వేరే వాక్యం: "నేటివ్ లైబ్రరీ ఆల్రెడీ లోడెడ్ ఇన్ అనదర్ క్లాస్‌లోడర్."

టామ్‌క్యాట్‌లో ప్రతి వాటాకీ ఒక క్లాస్‌లోడర్ ఉంటుంది, ఆ అప్లికేషన్‌కి కావలసిన క్లాసులు తెచ్చిపెట్టేది అదే. ఒకరి క్లాసులు ఇంకొకరికి తగలకుండా ఈ ఏర్పాటు. కానీ నేటివ్ లైబ్రరీ విషయంలో జావా 1.2 కాలం నుంచి, అంటే 1998 నుంచి, ఒక నియమం ఉంది. ఒక ఎస్‌ఓ ఫైలును ఒక జావా మెషీన్‌లో ఒకే క్లాస్‌లోడర్ తీసుకోవాలి. మన లైబ్రరీలో రిఫరెన్స్ పుస్తకం ఒకటే కాపీ ఉంటే ఒక కార్డు మీదే ఇస్తారు కదా, అచ్చం అంతే. కన్నడ అప్లికేషన్ కార్డు మీద ఓపెన్‌సీవీ వెళ్లిపోయింది, మనం వెళ్లేసరికి "ఇచ్చేశాం" అన్నారు.

మరి ఎప్పుడూ వాళ్లకే ఎందుకు దొరుకుతోంది? కాలేజీ హోమ్ పేజీలో వాళ్ల తాజా సంచిక బొమ్మ ఉంది. సర్వర్ లేచాక ఎవరు హోమ్ పేజీ తెరిచినా ముందు వాళ్ల అప్లికేషనే ఓపెన్‌సీవీని అడుగుతుంది. నెల కిందటి దాకా రెండూ వేరు వేరు సర్వర్ల మీద ఉండేవి, అందుకే అప్పుడు గొడవ లేదు.

అక్క నా ముందే రుజువు చేసింది. ట్రయల్ సర్వర్ రీస్టార్ట్ చేసి, "ముందు మీ పేజీ తెరువు" అంది. తెరిచాను. 2003 ఉగాది సంచిక, అక్షరం అక్షరం కనిపించింది. తర్వాత కన్నడ పేజీ తెరిస్తే దానికి 500.

"ఫాంట్ అయితే కన్నడం ఎందుకు ఆగిందే?" అని నవ్వింది.

"అయితే మా పేజీ లింకు కూడా హోమ్ పేజీలో పైన పెట్టించు అక్కా, చాలు."

"అప్పుడు వాళ్లు వచ్చి నన్ను తిడతారు. పద, అసలు పని చూద్దాం."

ఇదే జబ్బుకి ఇంకో రూపం కూడా ఉంది. అప్లికేషన్ ఒక్కటే ఉన్నా, టామ్‌క్యాట్‌ని ఆపకుండా దాని కొత్త వెర్షన్ పెడితే ఇదే వాక్యం రావచ్చు. పాత క్లాస్‌లోడర్ మెమరీలోంచి పూర్తిగా పోతేనే లైబ్రరీ విడుదలవుతుంది. చదువు అయిపోయి వెళ్లిపోయిన స్టూడెంట్ కార్డు రద్దు కాకపోతే పుస్తకం ఆమె పేరు మీదే ఉండిపోయినట్టు. పూర్తిగా రీస్టార్ట్ చేస్తే ఇది పోతుంది, రెండు వాటాల తగాదా మాత్రం దానితో పోదు.

కొందరు ఎస్‌ఓ ఫైలునే రెండు చోట్ల కాపీ చేసి, ఒక్కో అప్లికేషన్‌కి ఒక్కో పూర్తి దారి చెబుతారట. జావా ఫైలు దారి చూసి పోల్చుకుంటుంది కాబట్టి ఇది నడుస్తుంది. అంత పెద్ద లైబ్రరీ మెమరీలో రెండుసార్లు కూర్చోవడం నాకైతే దుబారా అనిపించింది.

సరైన పద్ధతి, ఆ లైబ్రరీని ఏ వాటాకీ చెందకుండా ఉమ్మడి వసారాలో పెట్టడం. టామ్‌క్యాట్‌కి లిబ్ అనే ఫోల్డర్ ఉంది, అందులోవి అన్ని అప్లికేషన్లకీ ఉమ్మడి క్లాస్‌లోడర్ తెస్తుంది. ఇక్కడ మూడు పనులు కలిసి జరగాలి, ఒక్కటి వదిలినా లాభం లేదు. ఓపెన్‌సీవీ జార్ లిబ్‌లోకి వెళ్లాలి. లోడ్‌లైబ్రరీ అని పిలిచే లైను రెండు అప్లికేషన్లలోంచి తీసేసి, దానికోసం ఒక చిన్న క్లాసు రాసి అదీ లిబ్‌లో పెట్టాలి, ఎందుకంటే పిలిచినవాళ్ల క్లాస్‌లోడర్ పేరు మీదే కార్డు రాస్తారు. ఇక రెండు అప్లికేషన్ల వెబ్-ఇన్ఫ్ లిబ్‌లోంచి పాత ఓపెన్‌సీవీ జార్ తీసేయాలి. ఈ చివరిదే ఎక్కువమంది మరిచిపోతారని అక్క అంది. టామ్‌క్యాట్ అప్లికేషన్ ముందు తన సొంత అల్మరాలోనే వెతుకుతుంది, ఆ తర్వాతే ఉమ్మడి దాంట్లో. పాత జార్ అక్కడే ఉంటే దాన్నే తీసుకుంటుంది. అప్పుడు లైబ్రరీ ఉమ్మడి లోడర్ దగ్గర, క్లాసులు సొంత లోడర్ దగ్గర ఉండిపోయి, "మ్యాట్" క్లాసులో "ఎన్_మ్యాట్" అనే ఫంక్షన్ దొరకలేదని కొత్త లింక్ ఎర్రర్ వస్తుంది. ఆ పేరు కనిపిస్తే వెంటనే వెబ్-ఇన్ఫ్ చూడండి.

చిన్న క్లాసు రాయడం ఇష్టం లేకపోతే కొత్త టామ్‌క్యాట్‌లలో జేఎన్ఐ లైబ్రరీని ఉమ్మడిగా లోడ్ చేసే లిజనర్ ఉంది, సర్వర్.ఎక్స్ఎంఎల్‌లో ఒక లైను రాస్తే చాలు. జార్‌ల సంగతి మాత్రం అప్పుడూ అంతే. ఓపెన్‌సీవీ వెర్షన్ మారిస్తే ఇకమీద రెండు శాఖలకీ ఒకేసారి మారుతుంది, వాటికి పడుతుందో లేదో ముందే చూసుకోవాలి. ఆ మాట కన్నడ శాఖ వాళ్లతో మాట్లాడేశారు, ఒప్పుకున్నారు.

ట్రయల్ సర్వర్‌లో రెండూ తెరుచుకున్నాయి. శనివారం మధ్యాహ్నం అసలు సర్వర్‌లో మారుస్తున్నారు. సోమవారం నుంచి మీరు కూడా తెరిచి చూడండి, ముందు మనది, తర్వాత వాళ్లది. ఇంకోరోజు ముందు వాళ్లది, తర్వాత మనది. ఎటు నుంచి తెరిచినా రెండూ రావాలి. 500 కనిపిస్తే ఏ పేజీ, ఎన్ని గంటలకి అన్నది ఈ షీటు కింద పెన్సిల్‌తో రాయండి, లాగ్‌లో వెతకడానికి ఆ టైము కావాలి.